సోషల్ వర్కర్‌కు చట్టం నేర్పేవారికి ఎవరు నేర్పాలి? ఇంగ్లండ్‌లో ఈ ప్రశ్న వెనుక కథ

ఇంగ్లండ్‌లో 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్‌లో 20వ సెక్షన్ ఒకటుంది. తల్లిదండ్రులు ఏదో కష్టంలో పడి బిడ్డను చూసుకోలేకపోతే, కోర్టు గడప తొక్కే పని లేకుండా, వాళ్ల ఇష్టంతోనే కౌన్సిల్, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం, ఆ బిడ్డ బాగోగులు చూస్తుంది. నా బిడ్డను నాకు ఇచ్చేయండి అని తల్లి అడిగితే పంపించాల్సిందే. ముందస్తు నోటీసు ఇవ్వాలన్న నియమం చట్టంలో లేదు. అయినా కొన్ని కౌన్సిళ్లు తల్లిదండ్రులతో సంతకం పెట్టించుకునే కాగితాల్లో, ఇన్ని రోజుల ముందే చెప్పాలి అన్న షరతు చేర్చేవి. 2015లో అప్పీల్ కోర్టు తీర్పు ఇస్తూ సర్ జేమ్స్ మన్‌బీ ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టారు.

ఆ షరతు గాల్లోంచి ఊడిపడలేదు. అంతకుముందున్న 1980 నాటి చైల్డ్ కేర్ యాక్ట్ ప్రకారం, ఆరు నెలలు దాటి కౌన్సిల్ దగ్గర ఉన్న బిడ్డను వెనక్కి తీసుకోవాలంటే 28 రోజుల నోటీసు ఇవ్వాలి. కొత్త చట్టం ఆ నియమాన్ని కావాలనే తీసేసింది. అది అమల్లోకి వచ్చింది 1991 అక్టోబరులో. దాదాపు పాతికేళ్ల తర్వాత కూడా ఒక జడ్జి ఆ మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి అలవాటు క్లాసురూమ్‌లో పుట్టదని నా నమ్మకం. కొత్తగా చేరినవారికి పక్క సీటులోని సీనియర్ చెబుతారు. ఆ సీనియర్‌కు ఒకప్పుడు తన సూపర్‌వైజర్ చెప్పి ఉంటారు. మధ్యలో చట్టం తెరిచి చూసినవారు ఉండరు.

అందుకే అక్కడ ప్రాక్టీస్ ఎడ్యుకేటర్ల గురించి మాట్లాడుకోవాలి. మన ఎంఎస్‌డబ్ల్యూలో (సోషల్ వర్క్ పీజీ కోర్సులో) ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్ లాంటివారే వీళ్లు. విద్యార్థి ఆఫీసులో పనిచేసే నెలల్లో పక్కనుండి నేర్పుతారు, చివర్లో ఈ మనిషి పనికి తగినవారా కాదా అని మదింపు చేస్తారు. విద్యార్థికి చట్టం వచ్చా అన్నది తేల్చేవారిలో వీళ్ల మాటకు చాలా విలువ. మరి వీళ్లకు వచ్చా?

ఈ ప్రశ్న వెనుక పిల్లల చావులున్నాయి. 1984లో లండన్‌లోని బ్రెంట్‌లో జాస్మిన్ బెక్‌ఫర్డ్ అనే నాలుగేళ్ల పాప ఇంట్లోనే హింసకు గురై చనిపోయింది. చట్టం దృష్టిలో ఆ పాప అప్పటికి కౌన్సిల్ సంరక్షణలోనే ఉంది. లూయీ బ్లామ్-కూపర్ నేతృత్వంలోని విచారణ 1985లో నివేదిక ఇచ్చింది. సోషల్ వర్కర్ల చదువులో చట్టానికి దక్కాల్సిన చోటు దక్కలేదని అందులో ఎత్తిచూపారు. దాంతో అప్పటి శిక్షణ మండలి ఈ కోర్సుల్లో చట్టాన్ని ఎలా బోధిస్తున్నారో, ఎలా పరీక్షిస్తున్నారో అధ్యయనం చేయించింది. ఆ నివేదిక 1988లో వచ్చింది.

ఆ మధ్యలోనే, 1987లో, ఇంగ్లండ్‌లోనే ఉన్న క్లీవ్‌ల్యాండ్‌లో ఇందుకు పూర్తి విరుద్ధమైన ఘటన జరిగింది. లైంగిక హింస జరిగిందన్న వైద్య నిర్ధారణతో కొద్ది నెలల్లోనే 121 మంది పిల్లల కేసులు వచ్చిపడ్డాయి, ఎందరో పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లారు. అప్పటి చట్టంలో ఒక్క మేజిస్ట్రేట్ సంతకంతో 28 రోజుల వరకు బిడ్డను దూరంగా ఉంచవచ్చు. 1989 చట్టం దాన్ని ఎనిమిది రోజులకు తగ్గించింది, పొడిగించినా మరో ఏడు రోజులే. జోక్యం చేసుకోకపోతే ఒక తప్పు, హద్దు దాటితే ఇంకో తప్పు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో చెప్పేది చట్టమే.

2000 ఫిబ్రవరిలో ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబీ అనే పాప కూడా ఇంట్లో హింసకు గురై చనిపోయింది. ఆ చావుపై విచారణ జరిపిన లార్డ్ లామింగ్ 2003లో ఇచ్చిన నివేదికలో 108 సిఫార్సులున్నాయి. మంచి సోషల్ వర్క్‌కు సూపర్‌విజనే మూలస్తంభమని ఆయన రాశారు. నన్ను అడిగితే, ఆ నివేదికలో మళ్లీ మళ్లీ చదవాల్సిన మాట అదే. అదే ఏడాది మొదలైన కొత్త డిగ్రీలో చట్టాన్ని తప్పనిసరి చేశారు, 200 రోజుల ప్రాక్టీస్ పెట్టారు. కానీ ఆ 200 రోజులూ పక్కన ఉండేవారి మీద అంత శ్రద్ధ పడలేదు.

చట్టపరమైన అక్షరాస్యత అన్న ఆలోచనకు రూపం ఇచ్చినవారిలో సూజీ బ్రే, మైకేల్ ప్రెస్టన్-షూట్ ముఖ్యులు. సెక్షన్ నంబర్లు బట్టీ పట్టడం వాళ్ల దృష్టిలో ఒక పాలు మాత్రమే. దానికి వృత్తి నీతి తోడు కావాలి, ఎదుటి మనిషి హక్కుల గురించిన ఎరుకా తోడు కావాలి. ఆఫీసు ప్రొసీజర్‌నే చట్టం అనుకోవడం ఈ రంగంలో పాత జబ్బు. ఫారం నింపడం వచ్చిన విద్యార్థికి, ఆ ఫారం ఏ అధికారం కింద పుట్టిందో చెప్పడం రాదు. అడగాల్సినవారే అడగకపోతే ఆ లోటు బయటపడదు కూడా.

పెద్దవాళ్ల కేసుల్లోనూ ఇదే కథ. 2009 చివర్లో లండన్‌లోని హిల్లింగ్డన్‌లో ఆటిజం ఉన్న ఒక యువకుడిని, తనకు కొద్ది రోజుల విశ్రాంతి కోసం తండ్రి కౌన్సిల్ కేంద్రానికి పంపారు. కౌన్సిల్ వెనక్కి పంపకపోవడంతో ఆ అబ్బాయి ఇంటికి తిరిగొచ్చేసరికి దాదాపు ఏడాది పట్టింది. ఆ తండ్రి ఎంత అల్లాడిపోయారో ఊహించుకుంటేనే గుండె బరువెక్కుతుంది. 2011లో జడ్జి పీటర్ జాక్సన్, ఆ యువకుడి స్వేచ్ఛా హక్కుకూ కుటుంబ జీవితపు హక్కుకూ భంగం కలిగిందని తేల్చారు. వివాదాన్ని కోర్టు ముందుకు తీసుకెళ్లాల్సిన బాధ్యత కౌన్సిల్‌దేనని కూడా చెప్పారు. సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని పెద్దవాళ్ల కోసం చేసిన మెంటల్ కెపాసిటీ యాక్ట్ అమల్లోకి వచ్చాకే ఇదంతా జరిగింది. ఆ చట్టం మీద రంగంలో అవగాహన చాలా తక్కువగా ఉందని 2014లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ తేల్చింది. ఆ ఏడాదే చెషైర్ వెస్ట్ కేసులో సుప్రీంకోర్టు స్వేచ్ఛ కోల్పోవడం అంటే ఏమిటో కొత్తగా నిర్వచించింది. అలా స్వేచ్ఛ లేకుండా ఒకరిని సంరక్షణలో ఉంచాలంటే అనుమతి కావాలి; తర్వాతి ఏడాదికి ఆ అనుమతుల కోసం వచ్చే దరఖాస్తులు పది రెట్లయ్యాయి. అంతకు ముందు చదువుకున్న సూపర్‌వైజర్‌కు అప్పటి నోట్స్ ఇక చాలవు.

ప్రాక్టీస్ ఎడ్యుకేటర్లకు ఇప్పుడు ప్రత్యేక ప్రమాణాలున్నాయి. ఆ రంగంలోని వృత్తి సంఘం 2022లో వాటిని సవరించింది. నేర్చుకునే వాతావరణం కల్పించడం, బోధించడం, మదింపు చేయడం, తమ పనిని తాము మెరుగుపరచుకోవడం అన్నవి వాటి ప్రధాన భాగాలు. చట్టం వీటన్నిటి లోపలా ఉందని అనుకోవాలే గానీ, దానికంటూ వేరే భాగం లేదు. 2019 డిసెంబరు నుంచి సోషల్ వర్క్ ఇంగ్లండ్ అనే నియంత్రణ సంస్థ రిజిస్ట్రేషన్ ఉన్న ప్రతి ఒక్కరూ నేర్చుకుంటూనే ఉండాలంటోంది. ఏం నేర్చుకోవాలో ఎంచుకునేది మాత్రం వాళ్లే. సూపర్‌విజన్ గంటలో విద్యార్థి కేసు ఫైలు ముందు పెట్టినప్పుడు, "ఈ పని ఏ సెక్షన్ కింద చేశావు? ఆ తల్లి వద్దంటే ఏం చేసేవాడివి?" అని అడగాలంటే, ముందు రోజు రాత్రి ఆ ఎడ్యుకేటర్ కూడా ఆ సెక్షన్‌ను ఒకసారి చదివి ఉండాలి.