తినే సోడా ఎక్కువేస్తే కేక్ ఎక్కువ పొంగుతుందా?

నల్గొండలో ఇంటి దగ్గరే కేకులు చేసి అమ్ముతాను, ఆదివారాలు నేర్పిస్తాను. సాయం అడిగే ఫోన్లు ఎక్కువగా రాత్రి తొమ్మిది దాటాకే వస్తాయి. తెల్లారితే పిల్లాడి పుట్టినరోజు. "అక్కా, కేక్ నడిమిట్ల గుంత పడ్డది, ఏం చేయాలె?" మొన్న ఫోన్ చేసినామెకు ఏడుపొక్కటే తక్కువ. సోడా ఎంత వేశావు చెల్లె అంటే, "బేకింగ్ పౌడర్ లేకుండె, తినే సోడా రెండు చెంచాలు వేసిన. రెండూ ఒకటే కదా?"

అపోహ: రెండూ ఒకటే, ఎంత వేస్తే అంత పొంగుతుంది.

వాస్తవం: ఒకటి కాదు. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తినే సోడాకు పులుపు తగలాలి. పెరుగో, మజ్జిగో, నిమ్మరసమో ఉంటేనే అది సరిగ్గా గ్యాస్ వదులుతుంది. బేకింగ్ పౌడర్‌లో ఆ సోడాతో పాటు పుల్లటి పొడి కూడా ముందే కలిపి ఉంటుంది. అందుకే పౌడర్ బదులు అంతే సోడా వేస్తే మూడింతలకు పైగా వేసినట్టు. పులుపు దొరకని సోడా పొయ్యి వేడికి వాషింగ్ సోడాగా మారుతుంది, అవును, బట్టలకు వాడేదే. ఆ చేదు, ఆ సబ్బు రుచి దానివే. సోడా ఎక్కువై గ్యాస్ ఒక్కసారిగా పుట్టడంతో, పిండి ఉడికి గట్టిపడకముందే బుడగలు పగిలి నడుమ కూలిపోతుంది.

కప్పు మైదాకు, అంటే దాదాపు 125 గ్రాములకు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్. సోడా అయితే పావు టీస్పూన్, దానికి అర కప్పు పెరుగు. టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్ల కొలత చెంచా, అన్నం తినే చెంచా కాదు. పైన గీసి వేయాలి, కుప్పగా కాదు.

నేనేం తక్కువ తినలేదు. పెళ్లయిన కొత్తలో నా మొదటి కేక్ గోపురంలా లేచింది. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించేసరికి కూలబడింది. మా అత్తమ్మ ముక్క నోట్లో పెట్టుకుని, "మంచిగనే ఉంది బిడ్డా" అని కొంగు అడ్డం పెట్టుకుంది. మిగిలింది బర్రె ముందు వేస్తే అదీ మూతి తిప్పుకుంది.

ఇక మిగతావి. ఓవెన్ లేకుంటే కేక్ రాదనేది ఉత్త మాట. మందపాటి పాత గంజులో రెండు వేళ్లు ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతేసి పది నిమిషాలు వేడెక్కించి, సన్న మంట మీద 40-45 నిమిషాలు ఉంచితే చాలు. కుక్కర్ అయితే విజిల్, రబ్బరు తీసేయాలి, నీళ్లు పోయొద్దు. ఎంత గిలక్కొడితే అంత మెత్తన అనేదీ తప్పే. మైదా వేశాక ఎక్కువ కలిపితే సాగుతుంది, కేక్ రబ్బరు అవుతుంది. గుడ్డు లేకున్నా పెరుగుతో మెత్తగానే వస్తుంది.

ఆ చెల్లె కేక్‌ను మాత్రం బాగుచేయలేం, పారేయమన్నాను. ఇంట్లో పెరుగుంది, మైదా ఇంకో కప్పుంది. మళ్లీ కలపమని, అరగంట దాకా మూత తీయొద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇరవై నిమిషాలకే మళ్లీ ఫోన్. "అక్కా, ఒక్కసారి తీసి చూడనా?"