‘సెట్ ఆఫ్’, ‘సెట్ అవుట్’ ఒకటేనా? ప్రయాణపు ఇంగ్లీషుపై కొన్ని అపోహలు, వాస్తవాలు

పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఉద్యోగరీత్యానో, పిల్లల దగ్గరికో విదేశాలకు వెళ్లవలసినవారు కాబట్టి, ‘బయలుదేరడం’ అనే ఒక్క పనికి ఇంగ్లీషులో ఉన్న ఫ్రేజల్ వెర్బులు (క్రియకు ‘ఆఫ్’, ‘అవుట్’ వంటి చిన్న మాట చేర్చిన పదబంధాలు) మా తరగతిలో మొదటి వారంలోనే చర్చకు వస్తాయి. వాటి గురించి ఏళ్ల తరబడి పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు కూడా అప్పుడే బయటపడతాయి. నేర్చుకునేవారికి ఆటంకమవుతున్నవి ఆ మాటలకన్నా ఆ నమ్మకాలేనని నా అభిప్రాయం.

అపోహ: సెట్ ఆఫ్, సెట్ అవుట్ అన్నింటికీ అర్థం ‘బయలుదేరు’. ఏది వాడినా ఒకటే.

వాస్తవం: చాలా వాక్యాల్లో ఒకదాని బదులు మరొకటి వాడినా తప్పు కాదు కానీ, వినేవారి కళ్ల ముందు కదిలే దృశ్యం మారుతుంది. ‘ఆఫ్’ అనే చిన్న మాటలో ఉన్నది విడివడటం: అంటుకుని ఉన్నది ఊడిరావడం, ఉన్నచోటు వదలడం. ‘ఉయ్ సెట్ ఆఫ్ ఎట్ ఫైవ్’ అన్నప్పుడు గడప దాటిన ఆ క్షణం ముఖ్యం. ‘అవుట్’లో ఉన్నది లోపలి నుంచి బయటికి రావడం, అందువల్ల ‘సెట్ అవుట్’ అనగానే ముందున్న దూరం, చేరవలసిన చోటు, మనసులోని ఉద్దేశం కూడా స్ఫురిస్తాయి. ఈ తేడా స్పష్టంగా తెలిసే వాక్యం ఒకటి నేను ప్రతి బ్యాచ్‌లోనూ బోర్డు మీద రాస్తాను. ‘షి సెట్ అవుట్ టు లెర్న్ జర్మన్’ అంటే, ఆమె జర్మన్ నేర్చుకోవాలని పూనుకుంది అని అర్థం; ఆమె ఇల్లు కదలనవసరం లేదు. అదే వాక్యంలో ‘అవుట్’ చెరిపి ‘ఆఫ్’ రాస్తే, ఆమె జర్మన్ నేర్చుకోవడం కోసం పెట్టె సర్దుకుని నిజంగానే ఎక్కడికో బయలుదేరినట్టు అవుతుంది.

దీపావళి టపాసులు పేల్చడాన్నీ, అలారం మోగేలా చేయడాన్నీ కూడా ‘సెట్ ఆఫ్’ అనే అంటారని చెబితే విద్యార్థులు మొదట కంగారుపడతారు. పట్టి ఉంచినది ఒక్కసారిగా పట్టు విడిపోవడమే అక్కడా జరుగుతున్నదని చూపిస్తే వారికి ఆ రెండు అర్థాలూ పక్కపక్కనే గుర్తుంటాయి.

అపోహ: ఇవి ఈ మధ్య పుట్టిన మాటలు, కబుర్లకే పనికివస్తాయి. మర్యాదగా రాయాలంటే ‘డిపార్ట్’ అనే రాయాలి.

వాస్తవం: శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన నిఘంటువు పీఠికలోనే, క్రియ వెనుక చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి పరభాషీయులకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగిస్తుందని రాశాడు. అక్కడ ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో మన మాటలు మూడు ఉన్నాయి. ‘సెట్ అవుట్’ అంటే ప్రయాణం మొదలుపెట్టడం అన్నాడు. అది నేటికీ మారలేదు. ‘సెట్ ఆఫ్’కు అందం పెంచడం అనీ, ‘టేక్ ఆఫ్’కు అనుకరించడం అనీ అర్థాలు చెప్పాడు. విమానం లేని కాలంలో ‘టేక్ ఆఫ్’కు విమానం పైకి లేవడమనే అర్థం ఎలాగూ ఉండదు. మాట ఎంత పాతదో, దాని అర్థాలు ఎంత కదిలాయో ఈ ఒక్క చోటే కనబడుతుంది.

ఇక మర్యాద సంగతి. ప్రాణాలు ఆధారపడిన చోట కూడా ఫ్రేజల్ వెర్బే అధికారిక పదమైన సందర్భం ఉంది. 1977 మార్చి 27న టెనెరిఫ్ ద్వీపంలోని విమానాశ్రయంలో, దట్టమైన పొగమంచులో, రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. అనుమతి రాకముందే పరుగు మొదలుపెట్టిన విమానం నుంచి, తాము ‘ఎట్ టేకాఫ్’ ఉన్నామన్న మాట రేడియోలో వినిపించింది. ఆ విమానం ఇంకా ఆగి ఎదురుచూస్తున్నదనే కంట్రోలర్ అర్థం చేసుకున్నాడు. దుర్ఘటనకు కారణాలు మరికొన్ని ఉన్నాయి. కానీ ఆ తర్వాత రేడియో సంభాషణల నియమాలను బిగించారు. నేడు ‘టేకాఫ్’ అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చిన అనుమతిని రద్దు చేసేటప్పుడో మాత్రమే పలకాలి. మిగిలిన అన్ని సందర్భాల్లో ‘డిపార్చర్’ అనాలి. ఫ్రేజల్ వెర్బులు తేలికపాటి మాటలని ఎవరైనా అన్నప్పుడు నాకు ఈ నియమమే గుర్తుకు వస్తుంది.

రైలు స్టేషన్ నుంచి కదిలితే ‘పుల్ అవుట్’, ఓడ కట్టుతాళ్లు విప్పుకుని కదిలితే ‘కాస్ట్ ఆఫ్’, శ్రీహరికోటలో రాకెట్ నిలువునా లేస్తే ‘లిఫ్ట్ ఆఫ్’. వీటిని వాహనంతో జోడించి గుర్తుపెట్టుకుంటే చాలు.

అపోహ: తెలుగులో ఇలాంటివి లేవు కాబట్టి మనకు ఇవి బట్టీ పట్టక తప్పదు.

వాస్తవం: ‘బయలుదేరు’ అన్న మాటలోనే ‘బయలు’ ఉంది, అంటే వెలుపలి చోటు. ‘అవుట్’ను మనం క్రియకు ముందే పెట్టుకున్నాం. ‘వెళ్లాడు’, ‘వెళ్లిపోయాడు’ అన్న రెంటికీ తేడా తెలియని తెలుగువారు ఉండరు. ఆ ‘పోయాడు’ చేసే పనికి దగ్గరి పనే చాలాచోట్ల ‘ఆఫ్’, ‘అవే’ చేస్తాయి. ‘లేచిపోయారు’ అన్న మాటను లేవడం, పోవడం అని విడదీసి చూస్తే అసలు అర్థం దొరకదు, అయినా దాన్ని ఎవరూ మనకు పాఠంగా చెప్పలేదు. దానికి సరిగ్గా సరిపోయే ఇంగ్లీషు మాట కూడా ‘రన్ ఆఫ్’ అనే ఫ్రేజల్ వెర్బే.

అపోహ: ఎవరినైనా స్టేషన్‌లో రైలెక్కించి రావడం ‘సెండ్ ఆఫ్’.

వాస్తవం: వీడ్కోలు సభకు ‘సెండాఫ్’ అనడం ఇంగ్లీషులోనూ సరైనదే. క్రియగా వాడినప్పుడే చిక్కు వస్తుంది. బ్రిటన్‌లో పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థిని, సెలవు ముగిసి తిరిగి విధుల్లో చేరిన రోజున, ‘అమ్మను సెండ్ ఆఫ్ చేయడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్లాను’ అని తోటి నర్సుతో అన్నదట. ఆమె ఒక్క క్షణం ఆగి, మీ అమ్మగారిని ఎందుకు పంపించేశారని మెల్లగా అడిగిందట. ఫుట్‌బాల్‌లో ఎర్ర కార్డు చూపి ఆటగాణ్ణి బయటికి పంపడాన్ని అక్కడ ‘సెండ్ ఆఫ్’ అంటారు. ఆమెకు కావలసిన మాట ‘సీ ఆఫ్’. దానిలో ‘హర్’, ‘హిమ్’ వంటి సర్వనామం తప్పనిసరిగా మధ్యలోనే రావాలి: ‘సీ హర్ ఆఫ్’. ‘సీ ఆఫ్ హర్’ అనకూడదు. ప్రత్యర్థిని ఓడించి పంపడాన్ని కూడా బ్రిటిష్ పత్రికలు ‘సీ ఆఫ్’ అంటాయి. అత్తవారింటికి వెళ్లే కూతుర్ని సాగనంపే మనమే, ఎన్నికల సభల్లో ‘ఈ ప్రభుత్వాన్ని సాగనంపండి’ అన్న పిలుపూ వింటుంటాం కాబట్టి, ఈ మలుపు మనకు కొత్తేమీ కాదు.

అపోహ: ‘ఐ స్టార్టెడ్ ఎట్ సిక్స్’ అనడం భారతీయుల తప్పు.

వాస్తవం: ప్రయాణం మొదలుపెట్టడమనే అర్థం ‘స్టార్ట్’కు నిఘంటువుల్లో ఉంది. దారి గురించి మాట్లాడుకుంటున్నామని ముందే తెలిస్తే ఆ వాక్యం నిక్షేపంగా ఉంటుంది. తెలియకపోతే మాత్రం, ఏం మొదలుపెట్టారని వినేవారు ఎదురుచూస్తారు. ఫోనులో మనం ‘బయలుదేరాను’ అనే సమయానికి ఇంకా చెప్పులు వేసుకుంటూ ఉంటే ‘ఐయామ్ జస్ట్ సెట్టింగ్ ఆఫ్’ అనండి. వీధి మలుపు దాటి ఉంటే ‘ఐ హావ్ సెట్ ఆఫ్’ అనండి.