గడ్డి తిన్న గొర్రెకి గడ్డకట్టే కొవ్వు

ఆదివారం మిగిలిన మటన్ కూరని ఫ్రిజ్‌లో పెట్టి సోమవారం పొద్దున తీస్తే, పైన తెల్లగా మైనం అచ్చులా పేరుకుని ఉంటుంది. కోడి కూర మీద కూడా కొవ్వు తేలుతుంది కానీ ఇంతలా బిగుసుకోదు. మా ఇంట్లో ఆ తెల్లటి పొరని చెంచాతో గీకి పారేసే పని నాది. ఆ పని ఎన్నో ఏళ్ళు చేశాక గానీ ఒక చిన్న సందేహం రాలేదు: గొర్రె తినేది పచ్చగడ్డి కదా, దాని కొవ్వు ఇంత గట్టిగా ఎందుకుంది?

మెలిక ఏమిటంటే, గడ్డిలోనూ కొవ్వు ఉంటుంది. తక్కువే, ఎండు బరువులో 2, 3 శాతం. కానీ పచ్చి ఆకులోని ఆ కొవ్వులో సగానికి అటూ ఇటూగా ఉండేది లినోలెనిక్ అనే కొవ్వు ఆమ్లం. అవిసె నూనెలో దండిగా ఉండేది కూడా అదే. సున్నాకి ఇంకో పది పదకొండు డిగ్రీలు కిందికి దిగితే గానీ అది గడ్డకట్టదు. మటన్ కొవ్వుని గట్టిపరిచే స్టియరిక్ ఆమ్లమైతే కరగడానికే దాదాపు 69 డిగ్రీల వేడి కావాలి. రెండిట్లోనూ గొలుసులా కూర్చిన కార్బన్ పరమాణువులు పద్దెనిమిదే. తేడా అంతా హైడ్రోజన్‌ది. లినోలెనిక్ గొలుసులో మూడు చోట్ల హైడ్రోజన్ లోటు ఉంటుంది, ఆ మూడు చోట్లా గొలుసు వంగుతుంది. వంకర కట్టెలు మోపులో ఒదగవు కదా, అలాగే ఈ గొలుసులూ ఒకదాన్నొకటి అంటుకుని పడుకోలేవు. అందుకే నూనెలా పారుతుంది. లోటు పూడ్చి గొలుసుని నిటారు చేస్తే గడ్డకట్టిపోతుంది. వనస్పతి తయారయ్యేది ఇలాగే. ఫ్యాక్టరీలో దానికి నికెల్ పొడి, బాగా వేడి, పీడనంతో ఎక్కించిన హైడ్రోజన్ కావాలి. గొర్రె ఇదే పనిని 39 డిగ్రీల దగ్గర, నికెల్ లేకుండా, నెమరు వేసుకుంటూ చేస్తుంది.

1951లో అమెరికాలో రేమండ్ రైజర్ అనే శాస్త్రవేత్త గొర్రె కడుపులోంచి తీసిన ద్రవంలో అవిసె నూనె కలిపి చూశాడు. లినోలెనిక్ ఆమ్లం బాగా తగ్గిపోయింది. నాలుగేళ్ళ తర్వాత న్యూజిలాండ్‌లో షార్లండ్ బృందం పచ్చిక మేసే గొర్రెల మీద ఇదే సంగతి చెప్పింది. పచ్చికలో ఉన్న కొవ్వు ఒకటి, గొర్రె మొదటి పొట్టలో కనిపించేది మరొకటి.

బోటి కడిగినవాళ్ళకి ఆ మొదటి పొట్టని పరిచయం చేయక్కర్లేదు. బోటిలో టవల్‌లా నూగునూగుగా ఉండే పెద్ద ముక్కలు దానివే. తేనెపట్టులా గళ్ళున్నది రెండోది, పుస్తకం పేజీల్లా మడతలున్నది మూడోది. మన పొట్టలాగా పుల్లటి ఆమ్లం ఊరేది నాలుగోదానిలో మాత్రమే. మొదటిదాన్ని శాస్త్రంలో రూమెన్ అంటారు. అదొక పెద్ద పులిసే కుండ. అందులో ఒక్కో మిల్లీలీటరు ద్రవంలో వెయ్యి కోట్లకి పైగా బాక్టీరియా, లక్షల్లో ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు ఉంటాయి. గడ్డిలోని పీచుని విడగొట్టే ఎంజైములు గొర్రెకి సొంతంగా లేవు. ఆ పని ఈ జీవులదే. అవి పీచుని పులియబెట్టి వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం లాంటి చిన్న చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ టవల్ నూగు వాటిని పీల్చుకుంటుంది. గొర్రెకి వచ్చే శక్తిలో మూడింట రెండు వంతుల దాకా అక్కడిదే. చివరికి ఆ జీవులు కూడా నాలుగో పొట్ట దాటాక మాంసకృత్తులుగా అరిగిపోతాయి. అంటే మనం మేత వేసేది ముందు ఆ గుంపుకి, ఆ గుంపు ద్వారానే గొర్రెకి.

ఈ గుంపుకి నూనె పడదు. అక్కడ ఆక్సిజన్ లేదు కనుక కొవ్వు ఆమ్లాలని మండించి శక్తి తీసుకోవడం వాటికి కుదరదు. పైగా లినోలెనిక్ లాంటి వంకర గొలుసులు బాక్టీరియా పొరల్లో దూరి వాటిని చెడగొడతాయి. అందుకే బ్యుటిరివిబ్రియో జాతి బాక్టీరియా ఆ వంకరలకి హైడ్రోజన్ తగిలించి సాఫు చేసేస్తాయి. కడుపులో ఎక్కువైన హైడ్రోజన్‌ని వదిలించుకోవడానికే ఇదంతా అని ఒకప్పుడు అనుకునేవారు. లెక్క వేస్తే ఇందులో ఖర్చయ్యే హైడ్రోజన్ ఒకటి రెండు శాతమే. కాబట్టి విషాన్ని విరిచే పని అన్న వివరణే నాకు సబబుగా తోస్తుంది. కూర మీద పేరుకున్న తెల్లటి పొర, ఒక రకంగా, బాక్టీరియా ప్రాణాలు కాపాడుకున్న గుర్తు.

గడ్డిలో ఉన్న 2, 3 శాతాన్ని అవి తేలిగ్గా సంబాళించుకుంటాయి. మనిషి వచ్చి పైనుంచి నూనె పోస్తేనే ఇబ్బంది. పోయాలనిపించడానికి కారణం లేకపోలేదు. బరువుకి బరువు చూస్తే పిండి పదార్థం కన్నా కొవ్వులో రెండింతలకి పైగా శక్తి ఉంది. పొట్టేలు త్వరగా బలవాలంటే దాణాలో కాస్త నూనె కలిపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది.

1983లో ఇంగ్లండ్‌లో సటన్ అనే ఆయన బృందం గొర్రెలకి రోజుకి 40 గ్రాముల నూనె ఇచ్చి చూసింది. కొన్నిటికి అవిసె నూనె, కొన్నిటికి కొబ్బరి నూనె. ఇలాంటి ప్రయోగాల్లో గొర్రె డొక్కకి మూత ఉన్న ఒక కిటికీ అమరుస్తారు. అందులోంచి కడుపులోని ద్రవం తీసి చూడొచ్చు, లేదా చిన్న నైలాన్ సంచిలో మేత పెట్టి లోపలికి వేలాడదీసి, రెండు రోజుల తర్వాత బయటికి లాగి ఎంత మిగిలిందో తూచొచ్చు. 40 గ్రాములంటే మన ఇంట్లో మూడు పెద్ద చెంచాలు. అంత మాత్రానికే కడుపులో పీచు అరుగుదల పడిపోయింది, ప్రోటోజోవా బాగా తగ్గిపోయాయి. నూనె మేత ముక్కలకి పూతలా పట్టి బాక్టీరియాని అంటనివ్వదు. పీచు తినే బాక్టీరియా మిగతావాటి కన్నా సున్నితం కూడా. రూమెన్‌లో అరగని పీచులో కొంత పెద్దపేగులో పులుస్తుంది కాబట్టి మొత్తం మీద నష్టం అంత భయంకరంగా కనిపించదు. కానీ పెద్దపేగులో పెరిగిన బాక్టీరియా గొర్రెకి మాంసకృత్తులుగా అక్కరకి రావు, పెంటికలతో బయటికి పోతాయి.

అందుకే పశుపోషణ నిపుణులు ఒక హద్దు చెబుతారు: మొత్తం మేత ఎండు బరువులో కొవ్వు 6, 7 శాతం దాటొద్దు. రోజుకి కిలో ఎండు మేత తినే గొర్రెకి 60, 70 గ్రాములు. గడ్డీ గింజల్లోంచే 20, 30 గ్రాములు వచ్చేస్తాయి. మిగిలేది ఆ రెండు మూడు చెంచాలే. అన్ని నూనెలూ ఒకటి కాదు. అవిసె, పొద్దుతిరుగుడు లాంటి వంకర గొలుసుల నూనెలు ఎక్కువ చేటు, పామాయిల్ తక్కువ చేటు. ఎండుగడ్డి ఎక్కువగా తినే గొర్రెలో నూనె ఆ గడ్డికి పట్టి పలచబడిపోతుంది, దెబ్బ తగ్గుతుంది. దాణా మీదే నిలిచిన గొర్రెకి ఆ అండ ఉండదు.

కొబ్బరి నూనెది వేరే కథ. అందులో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లానికి వంకరలే లేవు, గొలుసు పొట్టిది, అయినా ప్రోటోజోవాని ఊచకోత కోస్తుంది. కడుపులో మీథేన్ అనే, భూమిని వేడెక్కించే వాయువుని తయారుచేసే జీవుల్లో కొన్నిటికి ప్రోటోజోవాలే ఆశ్రయం. ఇల్లు కూలితే అద్దెకున్నవాళ్ళూ పోతారు. స్విట్జర్లాండ్‌లో 1999లో మాఖ్‌ముల్లర్, క్రూజర్ గొర్రెల మేతలో కొబ్బరి నూనెని 3.5 శాతం కలిపితే మీథేన్ 28 శాతం, 7 శాతం కలిపితే 73 శాతం తగ్గింది. చూడ్డానికి ఘనమైన లెక్క. వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళకి నచ్చుతుంది కూడా. వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో, కోసిన చేలల్లోనూ రోడ్డు పక్కనా మేసే మందకి కొబ్బరి నూనె పోయడం మాత్రం నాకు మింగుడు పడదు. పీచు అరిగించుకోవడమే ఆ మందల బతుకు, నూనె దెబ్బ కొట్టేది సరిగ్గా అక్కడే.

నూనెలో శక్తి కావాలి, గుంపుకి మాత్రం తగలకూడదు అనుకున్నవాళ్ళు దొడ్డిదారి వెతికారు. 1970లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో స్కాట్ బృందం నూనె బిందువులకి పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి పూత పట్టించి, ఆ పూతని ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో గట్టిపరిచింది. రూమెన్‌లో అది కరగదు, నాలుగో పొట్ట ఆమ్లంలో విడిపోతుంది. ఆ మేత తిన్న గొర్రెల కొవ్వు మెత్తబడింది. అంటే కూర మీద మైనం కట్టడం గొర్రె జాతి లక్షణం కాదని, కడుపులో జరిగే పనేనని మరోసారి తేలింది. ఇప్పుడు దాణా కొట్లలో బైపాస్ ఫ్యాట్ పేరుతో దొరికేది చాలావరకు కాల్షియం సబ్బు. పామాయిల్ కొవ్వు ఆమ్లాలకి కాల్షియం కట్టేస్తారు. అదీ అంతే, ఆమ్లం తగిలేదాకా ముడి విప్పుకోదు.

మన దగ్గర సీసా తెచ్చి నూనె పోసేవాళ్ళు తక్కువ. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటిది, 1.9 కోట్లకి పైగా. ఆంధ్రప్రదేశ్ రెండోది. ఈ గొర్రెల్లోకి నూనె వేరే పేర్లతో వెళ్తుంది. మంచి తవుడులో 12 నుంచి 18 శాతం దాకా నూనె ఉంటుంది. 300 గ్రాముల తవుడు పెడితే తెలియకుండానే 40 గ్రాముల పైచిలుకు నూనె పెట్టినట్టు, అంటే సటన్ గొర్రెలకి పోసినంత. ఊళ్ళో పాత హల్లర్ మిల్లు తవుడులో ఊక కలిసి ఉంటుంది కాబట్టి నూనె తక్కువ. నూనె తీసిన తవుడులో ఒక శాతమే. వేరుశనగ చెక్కలోనూ గానుగదైతే 6, 8 శాతం నూనె మిగులుతుంది, సాల్వెంట్ పద్ధతిలో, అంటే నూనెని ద్రావకంలో కరిగించి తీసినదైతే ఒక శాతం. పేరు ఒకటే, సరుకు రెండు. ముక్కిపోయిన తవుడు ఇంకా పాడు. అందులో నూనె అప్పటికే విడి కొవ్వు ఆమ్లాలుగా తెగిపోయి ఉంటుంది, కడుపులో పడగానే పని మొదలుపెడుతుంది.

పత్తి గింజల తీరు వేరు. గట్టి తొక్కలోంచి నూనె నిదానంగా బయటికి వస్తుంది, వచ్చిన కొద్దినీ బాక్టీరియా సాఫు చేసుకుంటూ పోతాయి. గింజని గింజగా పెట్టే పాత అలవాటులో ఈ సౌకర్యం ఉంది.

కానీ మందల వెంట తిరిగేవాళ్ళకి నూనె అనగానే గుర్తొచ్చేది మేత కాదు, ఉబ్బరం. వాన పడ్డాక లేత అలసంద చేలోనో పిల్లిపెసర చేలోనో మంద పడితే, కాసేపట్లో ఒకటి రెండు గొర్రెలకి ఎడమ డొక్క డోలులా బిగుస్తుంది. లోపల గాలి విడిగా ఉండదు, సబ్బు నురగలా చిన్న చిన్న బుడగల్లో చిక్కుకుని ఉంటుంది. నురగని త్రేన్చలేదు. అప్పుడు వేరుశనగ నూనెని సీసాతోనో వెదురు గొట్టంతోనో నోటి పక్క నుంచి మెల్లిగా తాపుతారు. తల మరీ పైకెత్తి గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది, ఊపిరి ఆడకపోతే ఇక డాక్టరే డొక్కలో గొట్టం దించాలి. పీచుకి అడ్డం పడ్డ ఆ పూత గుణమే ఇక్కడ బుడగల గోడల మీద పని చేస్తుంది. నురగ విరుగుతుంది, చిక్కుకున్న గాలి ఒక్కటవుతుంది. గొర్రె మెడ చాపి పెద్దగా త్రేన్చుతుంది. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ కలిసిన ఆ త్రేన్పు కోసమే పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి ఎదురుచూస్తూ ఉంటాడు.