ఫ్రెంచ్ రంగుల ఫర్నిచర్: గీకే ముందు తెలుసుకోవాల్సినవి (అపోహలు - వాస్తవాలు)

18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఫర్నిచర్‌లో నష్టం పురుగు వల్లో చెమ్మ వల్లో మాత్రమే జరగలేదు. "రంగు తీసేస్తే లోపల మంచి కర్ర బయటపడుతుంది" అన్న నమ్మకం వల్లా జరిగింది. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దంలో లెక్కలేనన్ని కుర్చీలను గీకి, మైనం రుద్ది అమ్మారు. అలాంటి కుర్చీ నగిషీ సందుల్లోకి భూతద్దంతో చూస్తే రంగుకు అడుగున పూసిన తెల్లటి సుద్ద ఇంకా ఇరుక్కునే ఉంటుంది.

అపోహ: నాసిరకం కర్రను దాచడానికే రంగు వేసేవారు.

అదే నిజమైతే రాణి గదిలో రంగు కుర్చీలకు చోటుండేది కాదు. వెర్సాయ్‌లోని చిన్న భవనం పెటీ ట్రియనాన్‌లో రాణి మారీ ఆంటోనెట్ పడకగదికి 1787లో పారిస్ వడ్రంగి జార్జ్ జాకోబ్ చేసిన కుర్చీల మీద గోధుమ కంకులు, పూలు చెక్కి, వాటికి ప్రకృతిలో ఉండే రంగులే వేశారు. కుర్చీలకు బీచ్ అనే ఐరోపా చెట్టు కర్ర వాడింది ఉలికి చక్కగా లొంగుతుందని. దాని పోగు సన్నం, సమం, కానీ చూపుకు సాదా. అందుకని మొదటి నుంచీ రంగునో బంగారు రేకునో దృష్టిలో పెట్టుకునే చెక్కేవారు. రంగు తీసేస్తే మిగిలేది సగం పనే.

అపోహ: వడ్రంగి ముద్ర ఉంది కాబట్టి రంగూ అప్పటిదే.

పారిస్‌లో ఒక్క కుర్చీ మీద నలుగురు పనిచేసేవారు. చట్రం వడ్రంగిది, నగిషీ శిల్పిది, రంగూ బంగారమూ ఇంకొకరివి, గుడ్డా మెత్తా మరొకరివి. 1743 నాటి నిబంధనలు 1751 నుంచి అమల్లోకి వచ్చాక తప్పనిసరైన ముద్ర చట్రం చేసినవాడిది మాత్రమే. రంగు వయసు గురించి అది ఏమీ చెప్పదు.

అపోహ: అంచుల్లో ఊడిపోయి, మాసినట్టున్న తెల్లరంగే అసలు ఫ్రెంచ్ తీరు. చాక్ పెయింట్ పాత ఫ్రెంచ్ పద్ధతి.

చాక్ పెయింట్ (సుద్దలా మెరుపు లేకుండా ఆరే రంగు) 1990లో బ్రిటన్‌లో మార్కెట్‌కి వచ్చిన సరుకు. పాత పద్ధతి అద్దంలా నునుపు కోసం పడిన పాటు. 1770ల్లో పారిస్ పనివాడు వాటిన్ రాసిపెట్టిన షిపోలాన్ (సరేసు రంగు మీద వార్నిష్ వేసే పని) క్రమం ఇది. వెల్లుల్లి, మాచిపత్రి జాతి చేదాకు కలిపి మరిగించిన నీళ్ళలో తోలుకాగితం ఉడికించి తీసిన సరేసు (చర్మపు బంక) కలిపి, కర్రకు వేడిగా పట్టిస్తారు. ఆపైన సుద్ద, సరేసు కలిపిన తెల్లపూతలు ఏడెనిమిది, ఒక్కోసారి పది. ఆరాక ప్యూమిస్ రాయి, చన్నీళ్ళతో రుద్దుతారు. ఈ పూతలతో నగిషీ పూడిపోతుంది కనుక సన్నటి ఇనుప పనిముట్లతో ఆకుల ఈనెలు మళ్ళీ తీస్తారు. అప్పుడు రంగు రెండు పూతలు, పలుచటి సరేసు రెండు పూతలు, చివర స్పిరిట్ వార్నిష్.

చెడేది ఎక్కువగా సరేసు పాళ్ళ దగ్గరే. చిక్కనైతే పూత బిగిసి పెచ్చులుగా లేస్తుంది, పలుచనైతే వేలికి పొడిగా అంటుతుంది. రంగు మీది సరేసు పూత ఎక్కడైనా తప్పితే వార్నిష్ రంగులోకి ఇంకి, అక్కడ నల్లటి మచ్చ పడుతుంది.

అపోహ: కోరమాండల్ లక్క పలకలు మన తీరంలో తయారయ్యాయి.

పేరు మనది, పని చైనాది. చైనా తెరలు కోరమాండల్ తీరపు రేవుల మీదుగా ఐరోపా చేరడంతో ఆ పేరు పడింది. పారిస్ పనివాళ్ళు వాటిని కోసి కమోడ్‌ల ముఖాలకు అతికించారు. (ఫ్రెంచిలో కమోడ్ అంటే సొరుగుల బల్ల.) లక్క చెట్టు పాలు అంత దూరం ఓడల్లో పాడవకుండా చేరవు కాబట్టి, అక్కడే కోపల్ అనే చెట్టు బంకతో అనుకరణ వార్నిష్ పుట్టింది. గియోమ్, ఎతియెన్-సిమోన్ మార్తాన్ సోదరులకు 1730లో రాజాజ్ఞతో ప్రత్యేక హక్కు దక్కింది. వెర్ని మార్తాన్ (మార్తాన్ వార్నిష్) అన్న పేరు అలా వచ్చిందే. అయితే 1880 తర్వాత తైలవర్ణ ప్రణయ దృశ్యాలతో వచ్చిన గాజు అల్మరాలను కూడా అదే పేరుతో అమ్ముతారు. వాటికీ ఆ సోదరులకూ సంబంధం లేదు.

మన తీరం నుంచి నిజంగా వెళ్ళినవి అద్దకం బట్టలు. 1669 నుంచి ఫ్రెంచ్ కంపెనీకి మచిలీపట్నంలో స్థావరం ఉండేది. ఈ బట్టలమీద ఫ్రాన్స్‌లో 1686 నుంచి 1759 దాకా నిషేధం ఉన్నా గిరాకీ తగ్గలేదు.

అపోహ: ఇప్పుడు కనిపించే ఆకుపచ్చే అసలు రంగు.

వార్నిష్ ముదిరి పసుపెక్కితే నీలం ఆకుపచ్చగా, తెలుపు వెన్న రంగుగా మారుతాయి. 1742లో ఫ్రాన్స్ రాజుగారి షుఆజీ కోటలోని నీలం గదికి పనివాడు మాథ్యూ క్రియార్ చేసిన నీలం, తెలుపు కమోడ్ ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని లోహపు అమరికలకు వెండి పూత వేశారు. ఆ చల్లటి తెలుపుకు వెండి ఎందుకు ఎంచారో పసుపెక్కిన వార్నిష్ వెనక ఊహించడం కష్టం. అసలు రంగు కావాలంటే వెలుతురు తగలని చోట్లు వెతకాలి: కంచు బిళ్ళల కింద, మెత్త అంచు గుడ్డ మడత కింద. మిల్లీమీటరు కంటే చిన్న ముక్కను అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే పూతల వరస తేలుతుంది. అందులో టైటానియం తెలుపు కనిపిస్తే ఆ పూత 20వ శతాబ్దానిదో, ఆ తర్వాతిదో.

అపోహ: బీటలుంటే పాతదే.

కర్ర అడ్డంగా ముడుచుకుంటుంది కాబట్టి వయసు బీటలు ఎక్కువగా పోగు వెంట నిలువుగా సాగుతాయి. అన్ని దిక్కులా ఒకే తీరున సాలెగూడులా ఉంటే అనుమానించండి. పూతల మధ్య బంక రాసి అలా తెప్పిస్తారు.

అపోహ: తడిబట్టతో తుడిస్తే మెరుస్తుంది.

సరేసు రంగు నీళ్ళకు కరుగుతుంది. ముందు కనపడని మూల, డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండేసిన దూదిపుల్లను ఒక్కసారి దొర్లించి చూడండి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆగాలి. పెచ్చు లేచిన చోట చేప గాలితిత్తి నుంచి తీసిన బంకను నీళ్ళలో 2-3 శాతం కలిపి, గోరువెచ్చగా, సన్నటి కుంచెతో అంచుకు తాకిస్తే తనంతట తనే లోపలికి పాకుతుంది. ముందు కొద్దిగా ఆల్కహాల్ కలిపిన నీటి చుక్క వేస్తే సులువు. తర్వాత జపాన్ కాగితం (పలుచటి, గట్టి కాగితం) పరిచి, మెల్లగా అదమాలి. గది తేమ 45-55 శాతం మధ్య నిలకడగా ఉండాలి. విశాఖ లాంటి ఊళ్ళో పగలు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే, కర్ర ఉబ్బుతూ ముడుచుకుంటూ కొత్త పెచ్చులు లేపుతుంది.

పాత తెలుపు చాలావరకు సీసపుదే, గరుకు కాగితంతో పొడిగా రుద్దకండి. ఊడిన పెచ్చులను ఊడ్చి పారేయకుండా, ఏ కాలు, ఏ వైపు అని రాసి బటర్ పేపర్ మడతలో దాచండి. నిపుణుడి చేతిలో అవి మళ్ళీ వాటి చోటే కూర్చుంటాయి.