వాన ముందు చల్లిన యూరియా ఎక్కడికి పోతుంది? అపోహలు - వాస్తవాలు

భూసార పరీక్షల పనిలో ఉన్న నాకు ఏటా అక్టోబరు వచ్చిందంటే ఒకే మాట పదే పదే వినిపిస్తుంది. "మబ్బు పట్టింది సార్, ఇప్పుడే యూరియా చల్లేస్తే వానే వేర్లలోకి దించుతుంది" అని నాయుడుపేట వైపు రైతులూ చెబుతారు, శ్రీకాళహస్తి వైపు రైతులూ చెబుతారు. మిగిలిన అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. రైతు జేబుకూ, దిగువనున్న సముద్రానికీ ఒకేసారి దెబ్బ తగిలేది ఇక్కడే.

నీళ్లలో కరిగిన యూరియాను మట్టి వెంటనే పట్టుకోలేదు. మట్టిలోని ఎంజైము దానిని అమ్మోనియంగా మార్చిన తరువాతే బంకమట్టి కణాలు దానిని నిలుపుకోగలుగుతాయి, అందుకు మన వేడి నేలల్లోనూ రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా కుండపోత కురిస్తే ఆ ఎరువు వేరు దగ్గరికి దిగదు, పొర్లే నీళ్లతో పాటు మడవ దాటి కాలువలో పడుతుంది. మెట్ట పైరుకు చిన్న జల్లు మేలు చేస్తుందన్నది నిజమే, ఈ నమ్మకం బహుశా అక్కడే పుట్టి ఉంటుంది. అయితే ఈశాన్య రుతుపవనాల నాటి వాయుగుండానికి ఆ లెక్క చెల్లదు. 45 కిలోల మూటలో ఉండే నత్రజని 20.7 కిలోలు. రాయితీ ధరకే కొన్నాం కదా అని సరిపెట్టుకున్నా, పైరు పసుపెక్కాక రెండో మూట కొనక తప్పదు.

ఈ తప్పు నేనూ చేశాను. చదువుకునే రోజుల్లో ఒక సాయంత్రం తూర్పున మబ్బు కమ్ముతుంటే, మా కయ్యలో మూటంతా చల్లి పెద్ద పని చేసినట్టు ఇంటికి వచ్చాను. తెల్లవారి చూస్తే గెనిమ (పొలం గట్టు) రెండు చోట్ల తెగి, నీళ్లు పక్కవాళ్ల కింది కయ్యలోకి దూకుతున్నాయి. మా నాయన ఏమీ అనకుండా పార అందుకున్నాడు. పదిహేను రోజులకు మా పైరు పాలిపోగా కింది కయ్య నల్లగా ఎదిగింది. "మన మూట వాళ్ల పొలంలో పండింది" అని అప్పుడు మాత్రం అన్నాడు. ఆ కింది కయ్య దాటితే కాలువ, కాలువ దాటితే స్వర్ణముఖి నది అన్న సంగతి నాకు ఈ ఉద్యోగంలోకి వచ్చాక గానీ తట్టలేదు.

"సముద్రం ఎక్కడ, మా పొలం ఎక్కడ" అనేవారికి ఒక లెక్క చెబుతాను. అమెరికాలో మిసిసిపీ నది పరీవాహకంలోని మొక్కజొన్న పొలాల ఎరువు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మెక్సికో సింధుశాఖలో కలుస్తుంది. 2017లో అక్కడ ప్రాణవాయువు కరవైన ప్రాంతం 22,720 చదరపు కిలోమీటర్లు, అంటే పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాకు దాదాపు ఒకటిన్నర రెట్లు. నత్రజని, భాస్వరం తిని నాచు విపరీతంగా పెరుగుతుంది, చచ్చి అడుగుకు చేరుతుంది, దానిని కుళ్లబెట్టే బాక్టీరియా నీళ్లలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలు పారిపోతాయి, పారిపోలేనివి చచ్చిపోతాయి. మన స్వర్ణముఖి నేరుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. కాళంగి నది మాత్రం పులికాట్ సరస్సులోకి పోతుంది. ఇసుక మేటలతో ముఖద్వారం పూడుకుపోయే అలాంటి సరస్సులో నీళ్ల మార్పిడి తక్కువ కనుక, చేరిన ఎరువు త్వరగా బయటికి పోదు.

వేపపూత ఉన్న యూరియా కొట్టుకుపోదనుకోవడం పొరపాటు, మట్టిలోని అమ్మోనియం కాస్తా నైట్రేటుగా మారడాన్ని ఆ పూత నెమ్మదింపజేస్తుందే తప్ప వరదను ఆపదు. పశువుల ఎరువైనా ఏటవాలు నేల మీద కుప్ప పోసి వదిలేస్తే వానకు అదే దారి పడుతుంది. తప్పంతా రొయ్యల చెరువులదేనని రైతులు, రైతులదేనని చెరువులవాళ్లు, కాదు పట్టణాల మురుగుదేనని ఇద్దరూ నాతో వాదిస్తుంటారు. ముగ్గురి వాటా నీళ్లూ కలిసేది ఒకే చోట.

యూరియా నీళ్ల వల్ల సముద్రపు చేపలన్నీ విషమయ్యాయని ఫోన్లలో తిరిగే సందేశాలను చూస్తే నాకు విసుగొస్తుంది, వాటిని నమ్మి పిల్లలకు చేప పెట్టడం మానేసిన తల్లులను చూస్తే జాలేస్తుంది. నైట్రేటు పాదరసంలా చేప కండలో పేరుకోదు. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపలను, నీళ్లు రంగు మారిన చోట ఏరిన ఆలుచిప్పలను మాత్రం తినకండి, కొన్ని రకాల నాచు విషం ఆలుచిప్పల్లో నిలుస్తుంది.

వరిలో యూరియాను వాన తెరిపిచ్చాక, నీళ్లు తీసేసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తరువాత పలుచగా నీరు కట్టాలి. చల్లేశాక మబ్బు పడితే, ఆ రాత్రే టార్చిలైటు, పార పట్టుకుని వెళ్లి మడవలు మూసి గెనిమ ఎత్తు పెంచుకోండి.