స్క్రీన్ చెడిపోతోందని లాగింగ్ పీకేయకండి: టెర్మినల్ యాప్‌ల మీద అపోహలు, వాస్తవాలు

మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలు దాదాపు అందరూ మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, లాగ్‌లు స్టాండర్డ్ ఎర్రర్‌కే పంపిస్తున్నా, స్క్రీనేమో స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో ఉంది, రెండూ వేరు కదా, మరి టేబుల్ మధ్యలో ఈ వార్నింగ్ ఎక్కణ్నుంచి ఊడిపడింది?" (లాగ్ అంటే ప్రోగ్రాం తను చేసే పని గురించి రాసుకునే చిట్టా, అలా రాయించడమే లాగింగ్. ప్రోగ్రాం మామూలు రాతలు పోయే దారి స్టాండర్డ్ అవుట్‌పుట్, తప్పులూ హెచ్చరికలూ పోయే దారి స్టాండర్డ్ ఎర్రర్.) అడగడంలో తప్పేం లేదు, కాలేజీలో చెప్పింది అదే. కానీ దీనికి వాట్సాప్ గ్రూపుల్లో దొరికే జవాబు చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది: "టెర్మినల్ యాప్‌లో లాగింగ్ పెట్టకూడదు బ్రో, తీసెయ్." ఈ ఒక్క సలహా వల్ల పోయినంత టైము, డబ్బు మిగతా అపోహలన్నీ కలిపినా పోలేదు. అందుకని దీని గురించే ఎక్కువ రాస్తున్నా, మిగతావి పైపైనే.

మేం విజయవాడలో కూర్చుని గుంటూరు మిర్చి వ్యాపారులకి, కోల్డ్ స్టోరేజీలకి తూకం, బిల్లు ప్రోగ్రాములు రాస్తాం. అన్నీ టెర్మినల్‌లో నడిచేవే. ఈ రోజుల్లో ఇంకా నల్ల స్క్రీనేంటని నవ్వేవాళ్లు సీజన్లో ఒక్క పూట కమీషన్ కొట్టులో నిలబడి చూడాలి. గుమాస్తా మౌస్ ముట్టుకోడు, నంబర్ ప్యాడ్ మీద టకటకా కొట్టుకుంటూ పోతాడు.

అపోహ: స్టాండర్డ్ ఎర్రర్ వేరు కాబట్టి స్క్రీన్‌కి ఏం కాదు

దారులు రెండే, చేరే ఊరు ఒకటే. అవుట్‌పుట్‌ది 1వ నంబరు, ఎర్రర్‌ది 2వ నంబరు. మనం మళ్లించనంత వరకు రెండూ వచ్చి పడేది ఆ టెర్మినల్ మీదే. పైథాన్ లాగింగ్‌లో మెసేజ్‌ని ఎక్కడికి పంపాలో చూసుకునే భాగాన్ని హ్యాండ్లర్ అంటారు. అందులో స్ట్రీమ్ హ్యాండ్లర్‌కి ఎక్కడ రాయాలో చెప్పకపోతే స్టాండర్డ్ ఎర్రర్‌కి రాస్తుంది. అసలు ఏ హ్యాండ్లరూ పెట్టకపోయినా వార్నింగ్, అంతకు మించిన స్థాయి మెసేజ్‌లు అక్కడికే పోతాయి. "నేను లాగింగే వాడలేదు సార్" అన్నవాడి స్క్రీన్ మీద కూడా ఏదో ఒక లైబ్రరీ అరుపు కనపడేది ఇందుకే.

సరే, ఒక లైను పడితే పడింది, తర్వాత గీసినప్పుడు పోవాలి కదా అంటారు. పోదు. కర్సెస్ లాంటి, టెర్మినల్‌లో స్క్రీన్ గీసిపెట్టే లైబ్రరీలు స్క్రీన్ మీద ఇప్పుడు ఏముందో తమ దగ్గర ఒక కాపీ ఉంచుకుని, కొత్తగా మారిన గడుల వరకే పంపిస్తాయి. మీ లాగ్ లైను వాటికి తెలియకుండా వచ్చి కూర్చుంది. వాటి లెక్కలో ఆ గడి మారలేదు, కాబట్టి దాన్ని ముట్టుకోవు. ఒకరు వాకిట్లో ముగ్గు పెడుతుంటే ఇంకొకరు వచ్చి కళ్లాపి చల్లినట్టుంటుంది వ్యవహారం. పైగా యాప్ ఇలా స్క్రీన్‌ని తన చేతిలోకి తీసుకున్న మోడ్‌లో కొత్త లైను అంటే కిందకి దిగడమే, ఎడమ అంచుకి రావడం ఉండదు. అక్షరాలు మెట్లు మెట్లుగా కుడివైపుకి జరిగిపోతాయి.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఇది చూడండి. పైథాన్‌లో టెక్స్చువల్ లైబ్రరీ లైనక్స్‌లో తన స్క్రీన్ మొత్తాన్ని గీసేదే స్టాండర్డ్ ఎర్రర్ మీద! ఎవరో చెప్పారని 2> పెట్టి ఎర్రర్‌ని ఫైల్లోకి మళ్లిస్తే లాగ్‌తో పాటు మీ యాప్ మొహం కూడా ఆ ఫైల్లోకే పోతుంది. స్టాండర్డ్ అవుట్‌పుట్ మీద గీసే యాప్‌లకైతే ఆ 2> అత్యవసరానికి పనికొస్తుంది, ముఖ్యంగా సీ భాషలో రాసిన ఏ లైబ్రరీయో పైథాన్‌తో సంబంధం లేకుండా నేరుగా 2వ నంబరుకి రాసేస్తున్నప్పుడు.

వాస్తవం చాలా చిన్నది: స్క్రీన్ యాప్‌ది, లాగ్ ఫైల్‌ది. యాప్ మొదలవ్వగానే, స్క్రీన్ గీయకముందే, రూట్ లాగర్‌కి (అన్ని లాగ్‌లూ చివరికి చేరే పై లాగర్) ఫైల్ హ్యాండ్లర్ తగిలించండి. పక్కన ఇంకో టెర్మినల్ తెరిచి టెయిల్ మైనస్ ఎఫ్ (tail -f) కొట్టండి, ఫైల్లో పడే కొత్త లైన్లు పడ్డట్టే కనపడతాయి. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, టెర్మినల్ లైబ్రరీలు రాసినవాళ్లే దారి చూపించారు. గో భాషలో బబుల్ టీకి లాగ్‌ని ఫైల్‌కి పంపే ఫంక్షన్ దాంతోనే వస్తుంది. టెక్స్చువల్‌కి లాగ్ చూసుకోవడానికి విడిగా ఒక కన్సోల్ ఉంది. రస్ట్‌లో రాటటూయీ వాడేవాళ్లకి లాగ్‌ని స్క్రీన్ లోపలే ఒక పెట్టెలో చూపించే టీయూఐ లాగర్ ఉంది. ఇన్ని ఉండగా లాగింగ్ తీసెయ్యడం దేనికి?

తీసేస్తే ఏమవుతుందో ఒకటి చెప్తా. వేరేవాళ్లు రాసిన తూకం ప్రోగ్రాం ఒకటి మా చేతికి వచ్చింది. స్క్రీన్ పాడవుతోందని లాగ్ లైన్లన్నీ కామెంట్ చేసి, ఎక్సెప్ట్ కింద పాస్ అని, అంటే ఎర్రర్ వస్తే ఏమీ చేయకుండా వదిలెయ్ అని, రాసి పెట్టారు. సరిగ్గా సీజన్ మధ్యలో గుమాస్తా ఫోన్. "ఏందండీ ఇది, కాటా మీద ఒకటి చూపిస్తంది, చీటీలో ఒకటి పడతంది, రైతులు నామీదకొస్తన్నారు." ఎన్ని టిక్కీలకి (మిర్చి బస్తాలకి) అలా అయిందో తెలీదు, ఎప్పుడు మొదలైందో తెలీదు, చూద్దామంటే ఒక్క లైను లేదు. బస్సెక్కి గుంటూరు వెళ్లి యార్డు దుమ్ములో తుమ్ముకుంటూ కూర్చుంటే (మిర్చి ఘాటు అలవాటు లేనివాళ్లకి ఆ బాధ చెప్పినా అర్థం కాదు) తేలింది ఏంటంటే, కాటా నుంచి సీరియల్ పోర్టులో వచ్చే లైను అప్పుడప్పుడు మధ్యలో తెగుతోంది. టైమవుట్ పెట్టి చదివితే అప్పటిదాకా వచ్చిన ముక్కనే ఇచ్చేస్తుంది. 41.6 రావాల్సింది 41 దగ్గర ఆగితే అది కూడా మంచి అంకేగా, ప్రోగ్రాం కళ్లు మూసుకుని తీసుకుంది. పూర్తిగా పనికిరాని ముక్క వస్తే ఆ పాస్ మింగేసింది. కాటా నుంచి వచ్చింది వచ్చినట్టు, చివర లైను గుర్తుతో సహా, లాగ్‌లో ఉండుంటే విజయవాడలో కుర్చీలోంచి లేవకుండా తేలే సంగతి. ఆ గుమాస్తా పాపం రెండు రోజులు రైతుల దగ్గర దొంగ అనిపించుకున్నాడు.

అందుకే పరికరం నుంచి, యూజర్ నుంచి వచ్చేదాన్ని లాగ్ చేసేటప్పుడు పర్సెంట్ ఆర్ (%r) వాడండి, పర్సెంట్ ఎస్ (%s) కాదు. కనపడని అక్షరాలు కనపడతాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఎవరైనా ఇన్‌పుట్‌లో ఎస్కేప్ సీక్వెన్స్‌లు (టెర్మినల్‌కి ఆజ్ఞలిచ్చే కనపడని అక్షరాలు) దూరిస్తే, లాగ్ తెరిచినప్పుడు అవి మీ టెర్మినల్ మీద పనిచేయవు.

అపోహ: యాప్ పడిపోయాక టెర్మినల్ పాడైపోయింది, వైరస్ వచ్చింది

కొత్త పిల్లలు నిజంగానే భయపడతారు. టైప్ చేస్తే అక్షరం కనపడదు, ఎంటర్ కొడితే మెట్లు. టెన్షన్ పడకండి, ఏమీ పోలేదు. యాప్ వెళ్లిపోతూ టెర్మినల్‌ని పాత స్థితికి తేకుండా చచ్చిపోయింది, అంతే. కనపడకపోయినా రీసెట్ (reset) అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. పైథాన్ కర్సెస్ వాడేవాళ్లు మొత్తం యాప్‌ని రాపర్ ఫంక్షన్‌లో పెడితే ఎర్రర్ వచ్చినా టెర్మినల్‌ని అదే సర్దుతుంది.

అపోహ: లాగింగ్ లైబ్రరీ పెడితే హ్యాక్ అవుతాం

అబ్బబ్బ, ఇది ఇంకా పోలేదు. 2021 డిసెంబర్‌లో బయటపడింది జావాలోని లాగ్‌ఫోర్‌జే 2 అనే లాగింగ్ లైబ్రరీలో లోపం. లాగ్ మెసేజ్ లోపల రాసిన ఒక ప్రత్యేక మాటని చూసి అది జేఎన్‌డీఐ (పేరు చెప్తే వస్తువుని వెతికి తెచ్చే జావా సదుపాయం) ద్వారా బయటి సర్వర్‌కి వెళ్లేది. పైథాన్ లాగింగ్ అలాంటి పని చేయదు. జావా వాడేవాళ్లు వెర్షన్ చూసుకోండి. మిగతావాళ్లు "లాగింగ్ పెడితే హ్యాక్" అన్న వాట్సాప్ మెసేజ్ ఫార్వర్డ్ చేయడం ఆపండి.

మిగిలినవి గబగబా. లాగింగ్ వల్ల యాప్ నెమ్మదిస్తుంది అంటారు. మనిషి మీటలు నొక్కే యాప్‌లో తేడా తెలియదు, తెలిస్తే క్యూ హ్యాండ్లర్ పెట్టండి, రాసే పని పక్కన జరుగుతుంది. డిస్క్ నిండిపోతుంది అంటారు, ఫైలు నిండితే కొత్తది మొదలుపెట్టి పాతవి కొన్నే ఉంచే రొటేటింగ్ ఫైల్ హ్యాండ్లర్ ఉంది. కాకపోతే సైజు పరిమితి, బ్యాకప్ లెక్క రెండూ ఇవ్వాలి, ఏ ఒక్కటి సున్నా అయినా అది ఎప్పటికీ తిరగదు. బేసిక్ కాన్ఫిగ్‌లో (లాగింగ్‌ని ఒక్క పిలుపుతో సెట్ చేసే ఫంక్షన్) డీబగ్ పెట్టినా మెసేజ్‌లు రావట్లేదు అంటే చాలాసార్లు ఎవరో ముందే రూట్ లాగర్‌కి హ్యాండ్లర్ తగిలించేసి ఉంటారు. అప్పుడు బేసిక్ కాన్ఫిగ్ నోరు మూసుకుంటుంది, పైథాన్ 3.8 నుంచి పాతవి తీసేసి మళ్లీ పెట్టే ఫోర్స్ ఆప్షన్ ఉంది. లాగ్ ఫైల్‌ని యాప్ నడిపిన ఫోల్డర్లో పడేయకండి, రేపు ఇంకో ఫోల్డర్ నుంచి నడిపితే ఇంకో ఫైలు పుడుతుంది. లైనక్స్‌లో హోమ్ కింద డాట్ లోకల్, దాని కింద స్టేట్ ఫోల్డర్ (~/.local/state) ఉన్నది ఇలాంటివాటికే.

ఒక్క విషయంలో మాత్రం భయం న్యాయమే. కస్టమర్ లాగ్ ఫైల్‌ని మనకి వాట్సాప్‌లోనే పంపిస్తాడు, అది ఎన్ని ఫోన్లలో తిరుగుతుందో మనకి తెలీదు. రైతు పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా లాగ్‌లోకి రానివ్వకండి. చీటీ నంబరు ఒక్కటి ఉంటే మనకి పని జరిగిపోతుంది.