వంటింట్లోంచి పబ్బులోకి: ఐరిష్ ఫిడిలుకు మద్యం లైసెన్సు ఎలా చుట్టుకుంది

ఐర్లండ్‌లో రాత్రిపూట పాటలు, డాన్సుల లైసెన్సుల గొడవ మళ్లీ రాజుకుంది. మామూలు వేళలు దాటాక తలుపులు తెరిచి ఉంచాలంటే నైట్‌క్లబ్బులు కోర్టు నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి, రాత్రికింత చొప్పున ఫీజు కట్టాలి. ఈ పద్ధతి మారుస్తామంటూ అప్పటి న్యాయ మంత్రి హెలెన్ మెకెంటీ 2022 అక్టోబరులో బిల్లు ముసాయిదా బయటపెట్టారు. 2024 నవంబరులో ఎన్నికలు వచ్చేనాటికి కూడా అది చట్టం కాలేదు. రద్దు చేయాలని ఆ ముసాయిదా చెప్పిన పాత చట్టాల్లో 1935 నాటి పబ్లిక్ డాన్స్ హాల్స్ యాక్టు ఒకటి.

ఈ చట్టం పేరు ఇప్పుడు ఎక్కువగా డీజేల నోటే వినిపిస్తోంది. నిజానికి దాని దెబ్బ మొదట తిన్నది పల్లెల్లో పగలు పొలం చేసుకుని రాత్రి ఫిడిలు, ఫ్లూటు, కాన్సర్టీనా (చేతుల్లో పట్టే చిన్న గాలిపెట్టె) పట్టుకునేవాళ్లు. హార్ప్, పైపుల కాలం నుంచి మొదలుపెట్టే కథలు చాలా ఉన్నాయి కాబట్టి, నేరుగా 1930లకు వద్దాం.

1934 జనవరి 1న లీట్రిమ్ కౌంటీలోని మోహిల్‌లో సుమారు 3,000 మంది ఊరేగింపు తీశారు. జాజ్ నశించాలని బ్యానర్లు. ముందు నడిచింది క్లూన్ ఊరి పారిష్ ప్రీస్టు (ఊరి చర్చి క్యాథలిక్ గురువు) పీటర్ కాన్‌ఫ్రీ. ఆయనకు ఐరిష్ సంగీతమంటే ప్రాణం, జాజ్ వింటే ఒళ్లు మంట. ఐరిష్ భాష, సంస్కృతి కోసం పనిచేసే గేలిక్ లీగ్ కూడా ఆయన వెంటే ఉంది. రేడియోలో జాజ్ వేస్తున్నారని లీగ్ కార్యదర్శి ఏకంగా ఆర్థిక మంత్రినే తిట్టిపోశారు. అదే కౌంటీలో అంతకుముందే తన హాల్లో డాన్సులు నడిపిన కమ్యూనిస్టు జిమ్మీ గ్రాల్టన్‌ను 1933లో దేశం నుంచి గెంటేశారు. పుట్టింది ఐర్లండ్‌లోనే అయినా ఆయన్ని విదేశీయుడి కింద లెక్కగట్టి అమెరికా పంపేశారు. 2016లో దేశాధ్యక్షుడు మైకేల్ హిగిన్స్ ఆ పని తప్పని చెప్పి క్షమాపణ కోరారు.

ఇంత వేడిలో 1935 ఫిబ్రవరిలో ప్రభుత్వాధినేత డి వెలేరా హయాంలో ఈ పబ్లిక్ డాన్స్ హాల్స్ చట్టం వచ్చింది. ఎవరైనా వచ్చి ఆడగలిగే డాన్సు పెట్టాలంటే డిస్ట్రిక్ట్ కోర్టు లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఇచ్చే ముందు జడ్జి చూడాల్సినవి చాలా ఉన్నాయి: అడిగినవాడి నడవడి, ఆర్థిక స్థితి, బండ్లు పెట్టే చోటు, చుట్టుపక్కల ఇప్పటికే ఎన్ని డాన్సు హాళ్లు ఉన్నాయన్నది. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ముందే హాలు ఉన్నవాడికి అది పెట్టని కోట.

ఇళ్లలో డాన్సులు ఆపాలని చట్టంలో ఎక్కడా లేదు. అక్కడే అసలు చిక్కు వచ్చింది. ఊళ్లో ఎవరింట్లోనో వంటింటి రాతి నేల మీద సెట్ డాన్సు (జంటలు గుంపుగా కలిసి ఆడేది) నడిచేది. అడుగుల చప్పుడు బాగా మోగాలని కొన్ని ఇళ్లలో బండల కింద గుర్రపు పుర్రెలు పాతిపెట్టేవాళ్లట. అమెరికా వెళ్లేవాళ్లకు వీడ్కోలు చెప్పేదీ అక్కడే, పిల్లలు పెద్దల పక్కన కూర్చుని రీల్స్, జిగ్స్ అనే డాన్సు బాణీలు నేర్చుకునేదీ అక్కడే. కష్టంలో ఉన్న ఇంటికి తలా కొంత వేసి సాయం చేయడం కూడా ఉండేది. డబ్బు వసూలు చేశారు కాబట్టి ఇది పబ్లిక్ డాన్సేనని చాలాచోట్ల ప్రీస్టులు, గార్డా పోలీసులు తీర్మానించేశారు. ఇళ్ల మీదకు వచ్చారు, కేసులు పెట్టారు.

క్లేర్ కౌంటీ ఫిడిలు వాద్యకారుడు జూనియర్ క్రెహాన్ జీవితాంతం చెప్పింది ఇదే: ఆ చట్టం తమ సంప్రదాయానికి ఉన్న బడులనే మూసేసిందని. ప్రీస్టులే పారిష్ హాళ్లు కట్టించారని, టికెట్టు పెట్టారని, ఆ హాళ్లలో వినిపించింది ప్రీస్టులు పారదోలాలనుకున్న ఫాక్స్‌ట్రాట్ అనే కొత్త డాన్సు సంగీతమేనని ఆయన గుర్తుచేసేవారు. ఈ మాటను తోసిపుచ్చడం కష్టం.

అవతలి వాదనా ఉంది. ఇంటి డాన్సులు తగ్గడానికి వలసలు, గ్రామఫోను, రేడియో కూడా కారణాలని, కొన్ని ప్రాంతాల్లో అవి ఇంకా చాలాకాలం సాగాయని చరిత్రకారులు కొందరు అంటారు. గాల్వే కౌంటీ బాలినాకిల్‌లోనైతే ప్రీస్టే దగ్గరుండి బ్యాండును ప్రోత్సహించారు. నిజమే.

హాల్లోకి వచ్చాక సంగీతం తీరే మారింది. వంటింట్లో ఒక్క ఫిడిలు చాలు. వందలమంది ఆడే హాల్లో అది వినపడదు. అందుకే కేలీ (సంగీతం, డాన్సులతో జరిగే సభ) కోసం పియానో, డ్రమ్ములతో బ్యాండులు వచ్చాయి. విచిత్రమేమిటంటే, సంప్రదాయం పేరుతో గేలిక్ లీగ్ నిలబెట్టిన ఈ కేలీ అనే సభ మొదట జరిగింది లండన్‌లో, 1897లో. పల్లెల్లో తరతరాలుగా ఆడుతున్న సెట్ డాన్సులను మాత్రం లీగ్ విదేశీ సరుకని పక్కన పెట్టింది.

ఇల్లు పోయింది, హాలు నచ్చలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌లో వలస కూలీలు సాయంత్రం పబ్బులో చేరి వాయించుకోవడం మొదలుపెట్టారు. ఈరోజు టూరిస్టులు అనాదిగా వస్తోందనుకునే పబ్ సెషన్ (పబ్బులో కూర్చుని కలిసి వాయించడం) అలా కుదురుకుంది. 1951లో ఐర్లండ్‌లోని మల్లింగర్‌లో పుట్టిన సంప్రదాయ సంగీత సంస్థ కోల్టస్, అది నడిపే ఫ్లా అనే సంగీత పోటీలు సంగీతాన్ని నిలబెట్టాయి. కానీ మామూలు రోజుల్లో దాని మకాం పబ్బే అయింది. ఒకప్పుడు లైసెన్సు ఊసే లేని కళ చివరికి మద్యం అమ్మే చోట అద్దెకు దిగింది. అందుకే ఐర్లండ్‌లో సంగీతం గురించి మొదలైన ప్రతి గొడవా మద్యం వేళల గొడవగా మారుతుంది. 2022 ముసాయిదా పేరు కూడా మద్యం విక్రయ బిల్లే.

ఆ ముసాయిదాలో ఇంకో ప్రతిపాదన ఉంది. ఇప్పుడు కొత్త పబ్ తెరవాలంటే పాత లైసెన్సు ఒకటి కొనాలి. ఆ నిబంధన తీసేస్తామన్నారు. పబ్ యజమానుల సంఘాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. ఊళ్లలో ఇప్పటికే సరిపడా పబ్బులు ఉన్నాయన్నది వాళ్ల మాట. 1935లో జడ్జి లెక్క చూసుకోవాల్సిందీ అదే.